మన మగ్గానికి తగిన లెక్క

ఇంటి దగ్గరే, చట్రానికి బిగించిన బట్ట మీద చేత్తో కుట్టే మగ్గం వర్క్ మొదలుపెట్టి, ఇన్‌స్టాగ్రామ్ ద్వారా ఆర్డర్లు తీసుకుంటున్న ఆడవాళ్లు హైదరాబాద్‌లో ఇప్పుడు చాలా కాలనీల్లో కనిపిస్తున్నారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన చెల్లెళ్లు నన్ను కలిసినప్పుడు కుట్టు గురించి కన్నా ముందు అడిగే మాట ఒకటుంది: "అక్కా, ఆ పేజీ వాళ్లు నా తర్వాతే మొదలుపెట్టారు, వాళ్లకు అంతమంది ఫాలోవర్లు ఎలా వచ్చారు?" ఎవరితోనూ పోల్చుకోవద్దని వారికి ఊరికే చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. పోల్చుకుంటున్న ఆ అంకెలకూ మన పనికీ పొంతన లేదని లెక్క వేసి చూపిస్తేనే మనసు కుదుటపడుతుంది.

ఒక మగ్గం మీద ఇద్దరు కారిగార్లు, అంటే కుట్టు పనివాళ్లు, కూర్చుని పనిచేసినా, వెనుక మెడకూ చేతులకూ నిండుగా వర్క్ ఉన్న పెళ్లి బ్లౌజు పూర్తి కావడానికి రోజులు పడుతుంది. ముందు ట్రేసింగ్ పేపర్ మీద గీసిన డిజైన్ వెంట సన్నని రంధ్రాలు చేసి, కిరోసిన్‌లో కలిపిన పొడిని గుడ్డతో దాని మీద రుద్ది, గుర్తులను బట్ట మీదికి దించాలి. ఆ తర్వాతే ఆరి సూది కదులుతుంది. ఒక చెయ్యి బట్ట కింద నుంచి దారం అందిస్తుంటే, రెండో చెయ్యి సూది మొనకున్న కొక్కెంతో దాన్ని పైకి లాగి గొలుసు కుట్టు వేస్తుంది. మెరిసే లోహపు తీగతో చేసే జర్దోసి అయితే ఆ తీగను చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క ముక్కనూ సూదికి ఎక్కించి కుట్టాలి. రోజుకొక కొత్త పెళ్లి బ్లౌజు చూపించే పేజీ వెనుక చాలా మగ్గాలైనా ఉండాలి, పాత ఫొటోలనే మళ్లీ మళ్లీ పెట్టడమైనా జరుగుతుండాలి. ఒకే మగ్గం ఉన్నవారు ఆ వేగాన్ని అందుకోవాలని చూస్తే దెబ్బతినేది కుట్టు. హడావుడిగా వేసిన ముడి నాలుగుసార్లు తొడుక్కునేసరికి ఊడిపోతుంది, ఆ కస్టమరు మళ్లీ మన గడప తొక్కదు.

మన దేశంలో 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించిన కొద్ది రోజులకే, జూలైలో, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి. మొదట్లో ఒక్కొక్కటి 15 సెకన్లే ఉండేది. ఇప్పుడు నిడివి పెరిగినా చూసేవారి ఓపిక పెరగలేదు. రోజుల తరబడి చేసిన పనిని అంత తక్కువ సమయంలో చూపించాలంటే కనిపించేది మెరుపు ఒక్కటే. కొలత తేడా వచ్చి విప్పిన కుట్లు, రావలసిన డబ్బు, పండక్కి ఊరెళ్లి తిరిగిరాని కారిగారు అందులో కనిపించవు. మన కష్టమంతా మనకు తెలుసు, ఎదుటివారిది ఆ కాస్త వీడియో మాత్రమే తెలుసు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి బాధపడటం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

పోల్చుకోవాలంటే మన ఆర్డర్ల పుస్తకంతోనే పోల్చుకోవాలి, అది కూడా పంచాంగం చూసి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి పెళ్లి బ్లౌజులు తగ్గుతాయి. శ్రావణం దగ్గరపడుతుంటే వరలక్ష్మీ వ్రతానికీ ముహూర్తాలకూ కలిపి ఒక్కసారిగా ఆర్డర్లు వస్తాయి. 2023లో అధిక శ్రావణం రావడం వల్ల ఆగస్టు సగం వరకు ముహూర్తాలు లేవు, వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న వచ్చింది. మరుసటి సంవత్సరం అదే వ్రతం 16వ తేదీకే వచ్చింది. ఆ రెండు ఆగస్టులను ఎదురెదురుగా పెట్టి వ్యాపారం పెరిగిందనో తగ్గిందనో అనుకుంటే తప్పుడు లెక్కే వస్తుంది. నేను పుస్తకంలో తేదీ పక్కన మాసం కూడా రాస్తాను. బ్లౌజుకు పట్టిన గంటలు, దారాలకూ పూసలకూ అయిన ఖర్చు, ఆ కస్టమరు మళ్లీ వచ్చిందా లేదా అన్నది కూడా రాస్తాను. ఫాలోవర్ల సంఖ్యకు అందులో చోటు లేదు.

ఫోన్‌లో చేయవలసినవి కొద్దిగా ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకరి పోస్టులు మనకు కనిపించకుండా చేసే మ్యూట్ సౌకర్యం 2018 నుంచి ఉంది, లైకుల సంఖ్యను దాచుకునే వీలు 2021లో వచ్చింది. చూసిన ప్రతిసారీ మనసు పాడుచేసే పేజీలను మొహమాటం లేకుండా మ్యూట్ చేయండి, అవతలివారికి ఆ సంగతి తెలియదు. కొత్త డిజైన్ కోసం అయితే నేను ఫోన్ పక్కన పెట్టి సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత వస్త్రాలు చూసి వస్తాను, లేదా జనవరిలో నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో తిరుగుతాను.

ఇంత జాగ్రత్తగా ఉన్నా, కస్టమరే వేరే పేజీ స్క్రీన్‌షాట్ పంపి "ఇదే, ఇంతకన్నా తక్కువకు చేస్తారా?" అని అడగడం మామూలే. ఆ ఫొటోలోది చాలాసార్లు మిషన్ మీద కుట్టే కంప్యూటర్ వర్క్ అయి ఉంటుంది, దాని ధరకు చేతి పని రాదు. అప్పుడు నేను మా మగ్గం మీద ఆ రోజు నడుస్తున్న పనిని దగ్గరగా ఫొటో తీసి పంపి, ఎన్ని రోజులు పడుతుందో, ఎంత అవుతుందో విడివిడిగా రాస్తాను. కొందరు అక్కడితో ఆగిపోతారు. ఒప్పుకున్నవారి దగ్గర అడ్వాన్సు తీసుకుని, కొలత బ్లౌజు పంపమని చెబుతాను.