నీళ్లు మసిలినయా?

ఇటలీ నుంచి సెలవు మీద వచ్చి పదకొండు రోజులైంది. మెట్టుగూడలో అన్న ఇంటికి చుట్టాలెవరొచ్చినా నన్ను అడిగేవి రెండే. అక్కడ చలి ఎంత, జీతం ఎంత. చలి సంగతి చెప్తాను. జీతం మా సిస్టర్ల సభ ఖాతాకు పోతుంది, పేదరికం వ్రతం తీసుకున్నాం కదా అంటే ఒక్కరూ నమ్మరు. "ఎంతో కొంత వెనకేసుకోరా సిస్టరమ్మా?" అని వదినవాళ్ల చిన్నమ్మ గొంతు తగ్గించి మరీ అడిగింది. బస్సు టికెట్టు డబ్బులు కూడా మదర్‌నే అడిగి తీసుకుంటానని చెప్తే జాలిగా చూసింది.

నేనుండేది ఉత్తర ఇటలీలో ఒక చిన్న ఊరు. పనిచేయలేని ముసలి సిస్టర్ల కోసం నడిపే ఆశ్రమం. ఇక్కడ నర్సింగ్ చదివాను, వార్డులో ఇంజక్షన్లు చేశాను. అక్కడ మన సర్టిఫికెట్‌ను వాళ్ల ఆరోగ్య శాఖ గుర్తించేదాకా సూది పట్టుకోకూడదు. అందుకని ఆయమ్మ పనే. డైపర్లు మార్చడం, ఒళ్లు తుడవడం, చెంచాతో సూప్ పట్టడం. తెల్లవారి ఐదింటికి లేచి, ప్రార్థన, పూజ అయ్యాక ఆరున్నరకు ఏప్రాన్ కట్టుకుంటే మధ్యాహ్నం రెండింటికి విప్పుతాను. పెర్మెస్సో, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కాగితం, దాని రెన్యువల్ క్యూల గురించి రాయను, రాస్తే కోపం వస్తుంది.

ఏడో నంబరు గదిలో తొంభై దాటిన ఇటలీ సిస్టర్ ఉంది. పాతికేళ్లు నిండకముందే సికింద్రాబాద్ వచ్చి, డిస్పెన్సరీలో నలభై ఏళ్లు పనిచేసి వెళ్లింది. నేను చేరిన వారంలో డ్యూటీ పుస్తకంలో ఆమె పేరు పక్కన ఇలా రాసి ఉంది: అయోమయంగా ఉంది, అర్థంలేని మాటలు. మర్నాడు పొద్దున దుప్పటి తీస్తుంటే నా వైపు చూడకుండానే అంది:

"నీళ్లు మసిలినయా పోరీ?"

చేతిలో దుప్పటి అట్లాగే ఉండిపోయింది. పుస్తకం తెలుగు కాదు, వట్టి బస్తీ తెలుగు. ఆయమ్మల దగ్గర నేర్చుకుని ఉంటుంది. స్నానానికి అడుగుతోందనుకుని, నల్లాలోనే వేడినీళ్లు వస్తాయి సిస్టర్ అన్నాను. విసుక్కుంది. తర్వాత ఆలోచిస్తే తట్టింది. స్నానానికైతే కాగినయా అంటారు, మసిలే నీళ్లు ఒంటిమీద ఎవరు పోసుకుంటారు? రెండు వేళ్లు పట్టకారులా దగ్గరపెట్టి గాలిలోంచి ఏదో ఎత్తుతోంది. గాజు సిరంజీలు, సూదులు ఉడకబెట్టి వాడిన కాలం అది. బయట జనం లైన్లో ఉన్నట్టున్నారు ఆమెకు. "మసిలినయి సిస్టర్" అన్నాను. చేతులు దించింది, డైపర్ మార్చనిచ్చింది. డ్యూటీ పుస్తకంలో పాత మాట కొట్టేసి, తెలుగు అని రాశాను.

పోయిన ఆదివారం సెయింట్ మేరీస్‌లో పూజ అయ్యాక ఒక పెద్దాయన, ఒకప్పుడు వాళ్లొచ్చి మనకు చేశారు, ఇప్పుడు మీరు వెళ్లి రుణం తీరుస్తున్నారు అన్నాడు. నాకు ఆ లెక్క ఒప్పదు. సెయింట్ ఆన్ సిస్టర్లు ట్యూరిన్ నుంచి సికింద్రాబాద్ వచ్చింది 1871లో. సూయజ్ కాలువ తెరిచి అప్పటికి రెండేళ్లు. పంపింది వాళ్ల మదర్ జనరల్ ఎన్రికెట్టా దొమినిచి, 1978లో ధన్యురాలిగా ప్రకటించారు. (ఆ సభను 1834లో పెట్టిన దంపతులు బరోలో జమీందార్లు. ఆ ఊరి పేరున్న వైన్ ఇటలీలో మహా ఖరీదు. పండగనాడు మా భోజనాల బల్ల మీద చవక రకం ఒక గుక్క పోస్తారు, అన్నకు చెప్పలేదు.) వాళ్లు వచ్చి ఇక్కడ బడులు పెట్టారు. మమ్మల్ని పిలిపించుకున్నది అక్కడ మఠంలో చేరే పిల్లలు లేక. రెండూ ఒకే పద్దులో ఎట్లా రాస్తాం? అయినా ఏడో నంబరు గదిలో నాకు ఈ లెక్కలేవీ గుర్తుండవు.

ఎల్లుండి ప్రయాణం. ఉస్మానియా బిస్కట్లు రెండు డబ్బాలు కొన్నాను. ఆమెకు పళ్లు లేవు, చాయ్‌లో ముంచి పెట్టొచ్చు. అక్కడి టీ వట్టి రంగునీళ్లు కాబట్టి అరకిలో చాయ్‌పత్తా కూడా. పెట్టె ఇరవై మూడు కిలోలు దాటకూడదు. తూస్తే ఇరవై నాలుగున్నర. ఆవకాయ సీసా తీసి బయట పెట్టాను. వదిన చూసి ఏమీ అనలేదు, సాయంత్రందాకా నాతో మాట్లాడలేదు కూడా.