చక్రం మీది ప్లాస్టిక్‌కు స్క్రూ కొట్టనివ్వకండి

మా రొయ్యల చెరువుల గట్టు మీద రెండు బండ్లు ఎదురుపడితే ఒకరు వెనక్కి తగ్గాల్సిందే. మేత బస్తాలు దింపి వెనక్కి వస్తున్న ఆటో ఒకటి మా హైలక్స్ పికప్ బండిని రాసుకుంటూ పోయింది. రేకుకు సొట్ట పడలేదు కానీ, ఎడమవైపు వెనక చక్రం మీదున్న క్లాడింగ్, అంటే రేకు మీద తొడిగే నల్ల ప్లాస్టిక్ పట్టీ, కింది చివర చీలి వేలాడింది.

భీమవరంలో టింకరింగ్ షెడ్డుకు తీసుకెళితే మేస్త్రి నేరుగా డ్రిల్లు అందుకున్నాడు. "రెండు స్క్రూలు బిగిస్తే ఇక కదలదండీ, పావుగంట పని" అన్నాడు. వద్దని తాళం చెవి తీసుకుని వచ్చేశాను. ఆయన దృష్టిలో నాది చాదస్తం.

చాదస్తమే అనుకోండి. కానీ స్క్రూ దిగిన చోట రేకు మీది రంగూ ప్రైమరూ తెగుతాయి. మా బండి తిరిగేది ఉప్పునీటి చెరువుల మధ్య. ఆ చిల్లు అంచు నుంచి తుప్పు మొదలైతే పైకి కనిపించదు, క్లాడింగ్ కిందే పాకుతుంది. కనిపించేనాటికి రేకు కోయించుకోవాలి.

ఇంటి దగ్గర ఎండలోనే విప్పాను. చలిపొద్దున లాగితే ప్లాస్టిక్ పెళుసుగా విరుగుతుంది, మధ్యాహ్నం కాస్త మెత్తబడుతుంది. మొదట ఆ చక్రం గూటి లోపలివైపు స్క్రూలు తీసి, నున్నగా చెక్కిన వెదురు బద్దకు గుడ్డ చుట్టి అంచు కింద దూర్చి, క్లిప్పు ఉన్న చోటల్లా తిన్నగా బయటికి లాగాలి. స్క్రూడ్రైవరు పెట్టారంటే రంగు పోయినట్టే. క్లిప్పులు కొన్ని ఎలాగూ విరుగుతాయి, వాటి మీద జాలి పడనక్కర్లేదు. చిల్లర ధరకు కొత్తవి దొరుకుతాయి.

వెనకాల చూడాలి మీరు! అడుగు అంచున తడి బురద పేరుకుపోయి ఉంది, దాంట్లో ఎండిన నాచు. కడిగితే ఆ బురద రాపిడికి రంగు మసకబారిన చార, దాని చివర గోరు పట్టేంత పొంగు. గీకితే కింద ఎర్రటి తుప్పు. ఆటో గుద్దకపోతే దాన్ని ఎప్పటికి చూసేవాణ్ణో! మెరిసే లోహం కనిపించేదాకా గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ ప్రైమర్, ఆపైన టచప్ రంగు వేశాను.

ఇక చీలిక. క్లాడింగ్ వెనకవైపు పీపీ–ఈపీడీఎం అని అచ్చు ఉంటుంది, అంటే రబ్బరు కలిపిన పాలీప్రొపిలీన్. మామూలు గమ్ములు దీన్ని పట్టుకోవు. అదే అచ్చున్న పాత బంపరు ముక్క నుంచి సన్నటి పట్టీ కోసి, సోల్డరింగ్ ఐరన్‌తో వెనకవైపు నుంచి కరిగించి అతికించాను. ముందువైపు జోలికి పోలేదు. అక్కడ రుద్దితే ప్లాస్టిక్ పైనున్న గరుకుదనం పోయి, చీలిక గీత కంటే మచ్చ పెద్దగా కనిపిస్తుంది. వెనక క్లిప్పు కూర్చునే చెవులే విరిగిపోయి ఉంటే మాత్రం వెల్డింగ్ మీద ఆశ పెట్టుకోకండి, కొత్తది తెప్పించుకోవడమే మేలు. నాకు చెవులన్నీ మిగిలాయి.

బిగించేటప్పుడు పాత టేపు జిగురు పూర్తిగా తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రెండువైపులా అంటుకునే అక్రిలిక్ ఫోమ్ టేపు వేశాను. దానికి గట్టి ఒత్తిడి కావాలి, పూర్తి పట్టు రావడానికి దాదాపు 72 గంటలు. అందాకా నీళ్ల పైపు దూరంగా పెట్టమని డ్రైవరుకు చెబితే, "ఇంత ప్లాస్టిక్ ముక్కకు ఇన్ని నియమాలా అండీ" అన్నాడు.

తెల్లబడ్డ ప్లాస్టిక్‌కు షాపుల్లో అమ్మే సిలికాన్ పాలిష్ కొన్ని వానలకే కడుక్కుపోతుంది. హీట్ గన్‌తో నలుపు తేలుతుంది కానీ, ఎండ మళ్లీ దాన్ని తినేస్తుంది. నేను రెండూ మానేశాను. ఆ డబ్బుతో క్లిప్పుల ప్యాకెట్ కొని డాష్‌బోర్డు అరలో పడేశాను. గట్టు మీద నుంచి వచ్చిన రోజు సాయంత్రం పైపును చక్రాల పైభాగంలోకి పెట్టి, కిందికి తేట నీళ్లు కారేదాకా కడిగిస్తున్నాను.