మా మేకను మింగిన స్కైలాబ్

తమ్ముడు హ్యూస్టన్‌లో ఉంటాడు. 2025 జూన్‌లో అమ్మను తీసుకుని వాడి దగ్గరికి వెళ్లాను. జులై మొదటి వారంలో ఒకరోజు స్పేస్ సెంటర్‌కు పోదాం పదండి అన్నాడు. "గుడా?" అని అడిగింది అమ్మ. కాదన్నాం. "అయితే మీరు పోయిరాండ్రి బిడ్డా, నాకు మోకాళ్లు గుంజుతున్నయి" అంది. "అక్కడ స్కైలాబ్ ఉందే" అన్నాడు తమ్ముడు. అమ్మ లేచి చెప్పులేసుకుంది.

1979లో అమ్మకు పదకొండేళ్లు. జగిత్యాల దగ్గర పల్లె. అమెరికా అంతరిక్షంలోకి పంపిన స్కైలాబ్ కూలిపోతోందని రేడియోలో వార్త వస్తే, అది మన మీదే పడుతుందని ఊరు తేల్చేసింది. ఎలాగూ పోతాం కదా అని తాత ఇంట్లో ఉన్న ఒక్క మేకనూ కోయించాడు. అందరూ కడుపునిండా తిని, తలుపులేసుకుని పడుకున్నారు. ఆ జులై 11 రాత్రి స్కైలాబ్ ముక్కలై హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. మా ఊళ్లో మామూలుగానే తెల్లారింది. మేక లేదు, అంతే. పల్లెటూరి అమాయకత్వం అని దీన్ని చెప్పుకుని నవ్వుతుంటారు గానీ, సరిగ్గా ఎక్కడ పడుతుందో నాసా కూడా ముందుగా చెప్పలేకపోయింది.

హ్యూస్టన్‌లో ఉన్నది నమూనా. వ్యోమగాములు నేల మీద ప్రాక్టీసు చేయడానికి అసలు సైజులోనే కట్టింది. అమ్మ దాని ముందు నిలబడి కింది నుంచి పైదాకా చూసింది. "గిండ్ల మనుషులుండెనా?" అంది. నలభై ఆరేళ్లుగా అమ్మ లెక్కలో స్కైలాబ్ అంటే ఆకాశంలోంచి ఊడిపడే పెద్ద ఇనుప బండ. అది ఇల్లని ఎవరూ చెప్పలేదు.

ఇల్లే. మనుషులు అంతరిక్షంలో ఉండి పనిచేయడానికి కట్టిన కేంద్రం. 1973 మేలో పైకి పంపారు. ఒక్కో జట్టుకు ముగ్గురు చొప్పున మూడు జట్లు వెళ్లి 28, 59, 84 రోజులు ఉండొచ్చాయి. లోపలి నేల అంతా మూడు మూలల కన్నాల జాలీ. బూట్ల కింద అదే ఆకారంలో ఉన్న బిళ్లను కన్నంలో పెట్టి తిప్పితే మనిషి తేలిపోకుండా నిలబడతాడు. భోజనాల బల్లకూ మూడు వైపులే. ఇంటిపెద్ద కూర్చునే చోటంటూ ఉండకూడదని అలా చేశారట. పడకలు గోడకు నిలువుగా కట్టిన సంచులు. బరువే లేనప్పుడు నిలబడినా పడుకున్నా ఒకటే.

అమ్మను ఆపేసింది మాత్రం స్నానం. గుండ్రటి గుడ్డ తెరను పైకి లాక్కుని అందులో దూరాలి. వాడుకోవడానికి దాదాపు మూడు లీటర్ల నీళ్లు. అవి కిందికి కారవు, ఒంటికే అతుక్కుంటాయి, గాల్లో గోళీల్లా తేలతాయి. ప్రతి చుక్కనూ గొట్టంతో పీల్చేయాలి. మొత్తం పని అయ్యేసరికి రెండున్నర గంటలు. "గా తానం కంటే చెయ్యకుంటనే నయం" అంది అమ్మ. చాలామంది వ్యోమగాములదీ ఇంచుమించు అదే మాట.

తిండీ నీళ్లూ దాదాపు అన్నీ ముందే నింపి పంపారు, గుమ్మిలో ఏడాది గింజలు పోసుకున్నట్టు. పని కూడా అలాగే కుక్కారు. మూడో జట్టుకు ఊపిరాడనంత టైమ్‌టేబుల్ ఇస్తే, 1973 డిసెంబరు ఆఖర్లో ఆ ముగ్గురూ మా వల్ల కాదని కింద ఉన్నవాళ్లకు గట్టిగానే చెప్పారు. ఆ తర్వాత షెడ్యూలు సడలించారు. ఆఫీసుల్లో ఉండేవాళ్లకు ఈ కథ వేరే చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం నాసా బిల్డింగులు చూపించే ట్రామ్ ఎక్కాం. ఎండ మన రోహిణికార్తెను తలపించింది. తొమ్మిదో నంబరు బిల్డింగులో అద్దాల వెనక నుంచి కిందికి చూస్తే ఇప్పటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం గదుల నమూనాలు వరసగా ఉన్నాయి. ఏ వస్తువు ఎక్కడుందో, మంటలొస్తే ఎటు పోవాలో ఇక్కడే నేర్చుకుని వెళ్తారు. మేం వెళ్లిన రోజున మన వ్యోమగామి శుభాంశు శుక్లా పైన ఆ కేంద్రంలోనే ఉన్నాడు. ఆయనతో కలిపి అక్కడ పదకొండు మంది. తొంభై నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తుండేవారు.

"ఏం తింటుండు పాపం?"

క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా తీసుకెళ్లాడని చెప్తే అమ్మ కుదుటపడింది. తమ్ముడు ఊరుకోకుండా నీళ్ల సంగతి ఎత్తాడు. ఇప్పుడు పైకి నీళ్లు మోసుకెళ్లడం తక్కువ. చెమటను, మూత్రాన్ని శుద్ధి చేసి మళ్లీ తాగుతారు, 98 శాతం దాకా వెనక్కి వస్తుంది. అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. రోజుకు రెండు గంటలు వ్యాయామం చేయకపోతే అక్కడ ఎముకలు, కండరాలు బలహీనపడతాయని నేనన్నాను. "గందుకే నన్ను గూడ నడువుమన్నడు డాక్టరు" అని, ఆ తర్వాత రాకెట్ పార్కులో పడుకోబెట్టిన 111 మీటర్ల శాటర్న్ 5 రాకెట్ పక్కన ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది. మధ్యలో రెండుసార్లు కూర్చుంది.

తిరిగి వస్తుంటే కారులో తమ్ముడు ఇంకో కథ చెప్పాడు. ముక్కలు పడిన ఆస్ట్రేలియా ఊరు ఎస్పరెన్స్ వాళ్లు, మా దగ్గర చెత్త పడేశారంటూ నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారట. అమ్మ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. తర్వాత స్కైలాబ్ ముందు దిగిన ఫొటోను చిన్నమ్మకు పంపించమంది. జరిమానా సంగతి తనే వాయిస్ మెసేజ్ పెట్టింది.

మర్నాడు పొద్దున జవాబొచ్చింది. వెనకాల కోళ్ల అరుపు, ముందు చిన్నమ్మ గొంతు: "అక్కా, మరి మన మేక పైసలడిగినవా?"