పల్సార్ల లెక్క, మా మాస్టారి ప్రశ్న

గుంటూరులో మన కళాశాలలో నేను డిగ్రీ చదివిన రోజుల్లో, మాకు భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారు ఏ సూత్రాన్ని నల్లబల్ల మీద రాబట్టినా, చివరి పంక్తి రాశాక "ఇందులో మనం వదిలేసినవేమిటి?" అని అడిగి, జవాబు వచ్చేదాకా డస్టరు ముట్టుకునేవారు కారు. సాయంత్రం అరండల్‌పేటలోని వారింటికి సందేహాలతో వెళ్ళినా అదే ప్రశ్న ఎదురయ్యేది. భారీ తారలు పేలిపోయాక మిగిలే అతిసాంద్రమైన, వేగంగా తిరిగే న్యూట్రాన్ తారల వికిరణాన్ని గణిత నమూనాలతో అధ్యయనం చేయడమే నా వృత్తి అయ్యాక, ఈ రంగం ముందుకు నడిచిందే ఆ ప్రశ్నతోనని అర్థమైంది.

1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్, అలా తిరుగుతూ క్రమం తప్పని స్పందనలు పంపే తారల్లో మొదటిదాన్ని, అంటే తొలి పల్సార్‌ను గుర్తించారు. మరుసటి ఏడాది, ఒక తార పేలుడులో మిగిలిన వాయుమేఘమైన క్రాబ్ నీహారిక నడుమ దొరికిన పల్సార్ సెకనుకు దాదాపు 30 సార్లు తిరుగుతుంది. దాని భ్రమణకాలం రోజుకు సుమారు 36 నానోసెకన్ల చొప్పున పెరుగుతోంది. సూర్యునికి 1.4 రెట్ల ద్రవ్యరాశి, 10 కిలోమీటర్లకు పైబడిన వ్యాసార్థం గల గోళంగా దానిని ఊహించి, డిగ్రీలో నేర్చిన జడత్వ భ్రామకం, కోణీయ వేగాల సూత్రంలోనే ఈ విలువలు వేస్తే, అది కోల్పోతున్న శక్తి సూర్యుడు వెలువరించే శక్తికి సుమారు లక్ష రెట్లని తేలుతుంది. ఆ నీహారిక వెలుగుతూ ఉండడానికి కావలసిన శక్తీ దాదాపు అంతే. ఈ లెక్కను మన విద్యార్థుల చేత తప్పక చేయించాలని నా కోరిక.

ఆ శక్తి బయటికి పోయే మార్గాన్ని వివరించిన తొలి నమూనా, తారను శూన్యంలో వాలుగా తిరిగే అయస్కాంత ద్విధ్రువంగా, అంటే ఉత్తర, దక్షిణ ధ్రువాలున్న కడ్డీ అయస్కాంతంలా భావించింది. అది నిజమైతే భ్రమణం మందగించే రేటు కోణీయ వేగపు ఘనానికి అనులోమంగా ఉండాలి. క్రాబ్ పల్సార్‌కు కొలిచిన ఘాతం 3 కాదు, సుమారు 2.5. వదిలేసినది ప్లాస్మాను, అంటే ఆవేశిత కణాల వాయువును. తార తిరుగుతున్నందువల్ల దాని ఉపరితలం మీద ఏర్పడే ప్రచండమైన విద్యుత్ క్షేత్రం ఆవేశిత కణాలను పెకలించి వేస్తుందనీ, కనుక చుట్టూ శూన్యం మిగలదనీ 1969లో గోల్డ్‌రైక్, జూలియన్ చూపారు. తారతోపాటు తిరిగే ఆ ప్లాస్మా కాంతివేగాన్ని అందుకోవలసి వచ్చే దూరం క్రాబ్‌కు సుమారు 1,600 కిలోమీటర్లు. అక్కడినుంచి క్షేత్రరేఖలు విచ్చుకొని, శక్తి గాలిలా బయటికి ప్రవహిస్తుంది.

ఇలా ప్లాస్మా నిండిన అయస్కాంత క్షేత్రపు సమీకరణాలను వాలు అక్షంతో తిరిగే తారకు కంప్యూటర్ మీద సాధించి 2006లో స్పిట్‌కోవ్‌స్కీ ప్రకటించిన ఫలితం నాకు అన్నిటికన్నా ప్రియమైనది. భ్రమణాక్షం, అయస్కాంతాక్షం ఒకే దిశలో ఉంటే శూన్యపు సూత్రం ప్రకారం తార శక్తిని కోల్పోనే కూడదు. ప్లాస్మాను లెక్కలోకి తీసుకుంటే అప్పుడూ కోల్పోతుంది, వాలు పెరిగేకొద్దీ మరింతగా కోల్పోతుంది.

ద్విధ్రువం తార కేంద్రంలోనే ఉందన్న ఊహ మాత్రం చాలాకాలం నిలిచింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీది నైసర్ దూరదర్శిని సెకనుకు 205 సార్లు తిరిగే ఒక పల్సార్ నుంచి సేకరించిన ఎక్స్‌రే స్పందనలను, తార గురుత్వాకర్షణ కాంతిని వంచడాన్ని కూడా కలుపుకొని, 2019లో నమూనాలతో పోల్చి చూశారు. కేంద్రంలో ద్విధ్రువమే ఉంటే దాని రెండు ధ్రువాల దగ్గర ఎదురెదురుగా ఉండవలసిన వేడి మచ్చలు రెండూ ఒకే అర్ధగోళంలో ఉన్నాయనీ, వాటిలో ఒకటి నెలవంకలా సాగి ఉందనీ ఆ విశ్లేషణలు సూచించాయి. అటువంటి క్షేత్రానికి ద్విధ్రువం ఒక్కటీ చాలదు గనుక, ఇప్పుడు మేము రెండుకు మించిన ధ్రువాలుండే, మరింత సంక్లిష్టమైన బహుధ్రువాలతో లెక్కలు కడుతున్నాము.