బీటలో నీళ్లు ఎట్లా నిలుస్తాయి?

మేం స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్‌లో ఉంటాం. సెలవులకు కంభం వెళ్లినప్పుడు, చెరువు కట్ట మీద నడుస్తూ మా పదేళ్ల పాప "ఇది కూడా ఫాల్ట్ వల్లే వచ్చిందా తాతయ్యా?" అని అడిగింది. నాన్న ఆగిపోయారు. "ఎవరి ఫాల్టమ్మా? విజయనగర రాజుల కాలంలో కట్టించిన చెరువిది" అన్నారు కాస్త నొచ్చుకుని.

ఫోన్లో వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ నేనే దుబాసీని. ఆ రోజు మాత్రం కల్పించుకోలేదు. పాప అడిగిన ఫాల్ట్‌ను పుస్తకాల్లో భ్రంశం అంటారు, కానీ ఆ మాట ఇద్దరికీ పరాయిదే. పాప కాసేపు వెతుక్కుని, ఎండిన మట్టి వైపు చూపించి "నేల ఇట్లా పగలడం" అంది. "బీట" అన్నారు నాన్న. ఇక ఆ మాట పట్టుకుంది. మా దగ్గర గ్రేట్ గ్లెన్ అని 40 కోట్ల ఏళ్ల నాటి పెద్ద బీట ఉందనీ, దానికి అటూ ఇటూ ఉన్న నేల రాసుకుంటూ పక్కకు జరిగిందనీ, లాక్ నెస్ అనే సరస్సు ఆ బీటలోనే ఉందనీ చెప్పింది.

"బీట పడితే నీళ్లు ఇంకిపోవాలి గదా, ఎట్లా నిలుస్తాయి?" అన్నారు నాన్న. పదిహేనేళ్లుగా ఆ నీళ్ల పక్కనే ఉంటున్నా నాకీ ప్రశ్న తట్టలేదు. బీట వెంట రాయి నలిగి బలహీనపడిందనీ, మంచుయుగంలో హిమానీనదాలు ఆ దారినే పట్టుకుని తోడేశాయనీ, మంచు కరిగాక ఆ గుంతలో నీళ్లు చేరాయనీ పాప తన వచ్చీరాని తెలుగులోనే చెప్పింది. అందుకే లాక్ నెస్ పొడవు సుమారు 37 కిలోమీటర్లయితే వెడల్పు మూడు కూడా లేదు. లోతు మాత్రం 230 మీటర్లు. "బోరు వేసినా అంతేనమ్మా, రాయి పగిలిన చోటే నీళ్లు పడతాయి" అన్నారు నాన్న.

మూర్ అనే, మా వైపు చెట్లు లేని బయలు నేల గురించి చెబుతూ పాప "బీడు" అంది. ఆ మాట నేను నేర్పిందే, తప్పు నాదే. అక్కడ కాలు దిగబడుతుంది. వానకూ చలికీ నాచు సరిగా కుళ్లక పొర మీద పొర పేరుకుని పీట్ అవుతుంది. అది ఒక మిల్లీమీటరు పెరగడానికి దాదాపు ఏడాది పడుతుంది. లాక్ నెస్ నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉండేది దానివల్లే. అంతా విని నాన్న "ఊబి నేలన్నమాట" అన్నారు.

1967లో ఒంగోల్లో చదువుకునేటప్పుడు భూమి కదిలిందని, అటక మీద గిన్నెలు దొర్లాయని కూడా చెప్పారు. నాకెప్పుడూ చెప్పని సంగతి. 1901లో ఇన్వర్నెస్‌లోనూ కదిలిందనీ, కాలువ గట్టు బీట వారిందనీ పాప అంది.

"గండి పడిందా?" నాన్న గొంతులో కంగారు.

"గండి అంటే?"

నీళ్లు కట్టను తెంచుకున్న చోటూ గండే, కొండల మధ్య ఏరు దారి చేసుకున్న చోటూ గండేనని నాన్న చెప్పారు. గుండ్లకమ్మ పారే గండికే ఈ కట్ట వేశారట. పాప అటు కొండనూ ఇటు కొండనూ చూసి, "అయితే మనం గండిలో నిలబడ్డామా తాతయ్యా?" అంది.