పాత మిక్సర్‌లో మిడ్ నాబ్‌ని 400 హెర్ట్జ్‌కి దింపాను

మా మావయ్యకి బరంపురంలో మైకు సెట్లు అద్దెకిచ్చే పని. ఆయన ఎప్పుడో పక్కన పెట్టేసిన 12 చానెళ్ల మిక్సర్ ఇప్పుడు నా గదిలో ఉంది. ఎనభైల నాటిది, ఇద్దరం పట్టుకుంటే గానీ లేవదు. సముద్రం దగ్గరే కాబట్టి ఉప్పుగాలికి కంట్రోల్స్ కొన్ని తుప్పు పట్టాయి, వాటిని మార్చాను. అయినా మైకు పెట్టి వింటే ఆ శబ్దంలో ఒక నిండుదనం ఉంది, దాని మీద నాకున్న ఇష్టం చెప్తే తీరేది కాదు.

ఆదివారాలు మా వీధి భజన దీంతోనే రికార్డు చేస్తాను. సగం తెలుగు కీర్తనలు, సగం ఒడియా భజనలు, పాడేది మాత్రం అవే గొంతులు. ఇబ్బందల్లా మగ గొంతులతో. సిమెంటు గోడల గదిలో, మైకుకి మూతి ఆనించి పాడితే డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఆ డబ్బా మోత ఎక్కువగా 300 నుంచి 500 హెర్ట్జ్ మధ్యన పేరుకుంటుంది. బాస్ తగ్గిస్తే గొంతులో ఉన్న కాస్త బరువూ పోయి పీలగా అయిపోతుంది, మోత అలాగే ఉంటుంది. బాస్‌కీ ట్రెబుల్‌కీ మధ్య శబ్దాన్ని పెంచి తగ్గించే మిడ్ నాబ్ ఉంది కదా అంటే, అది పనిచేసేది 2.3 కిలోహెర్ట్జ్ దగ్గర. అక్కడ పెంచితే మాట స్పష్టంగా వస్తుంది, కానీ పక్కన వాయించే తాళాలు కూడా అదే మైకులో పడి చెవుల్లో గుచ్చుకుంటాయి.

మొదట నేను చేసింది తప్పు పని. పాత మిక్సర్ అనగానే అందరూ ముందు ఐసీలు మార్చమంటారు, నేనూ అదే చేశాను. ఐసీలు సోల్డర్ చెయ్యకుండా బేస్‌లలో గుచ్చి ఉన్నాయి కాబట్టి పీకడం తేలిక. రెండు రాత్రులు కూర్చుని శబ్దం సిగ్నల్‌ని పెంచే టీఎల్ 072 ఐసీలు తీసి 36 చోట్లా అదే పని చేసే ఎన్‌ఈ 5532లు పెట్టాను. 072 ఒక్కోటి 3 మిల్లీయాంపియర్ల లోపు కరెంటు తాగుతుంది, 5532 దాదాపు 8 తాగుతుంది. 36 ఐసీలకి లెక్కేస్తే 100 మిల్లీయాంపియర్లు కాస్తా 290 దగ్గరికి వెళ్లింది, పవర్ సప్లైలో రెగ్యులేటర్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి. పైగా ఈక్వలైజర్‌లో, అంటే బాస్, మిడ్, ట్రెబుల్‌లలో ఏ నాబ్ తిప్పినా చాలు కరకరమనడం మొదలైంది. 5532 ఇన్‌పుట్ లాగే కరెంటు మామూలుగా 200 నానోయాంపియర్లు ఉంటుంది, అది 100 కిలోఓమ్‌ల కంట్రోల్ గుండా పోతే 20 మిల్లీవోల్టుల డీసీ. తిప్పినప్పుడు వినిపించేది అదే. మైకు నుంచి వచ్చే సన్న సిగ్నల్‌ని ముందుగా పెంచే ప్రీయాంప్‌లో మాత్రం 5532లు ఉంచేశాను, అక్కడ హిస్, అంటే వెనక బుస్సుమనే శబ్దం, నిజంగానే తగ్గింది. మిగతాచోట్ల మళ్లీ పాతవే పెట్టాను.

డబ్బా మోత మాత్రం అలాగే ఉంది. ఉంటుంది మరి, ఐసీ మార్చితే నాబ్ పనిచేసే చోటు మారదు కదా.

సర్క్యూట్ బొమ్మ లేదు. బోర్డు వెనక టార్చిలైటు పెట్టి ట్రాకులు చూసుకుంటూ కాగితం మీద గీసుకున్నాను. బాస్, ట్రెబుల్ రెండూ పీటర్ బాక్సాండల్ 1952లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఇచ్చిన పద్ధతిలోనే ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. మిడ్‌లో ఉన్నది వీన్ నెట్‌వర్క్, నాబ్ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర పనిచెయ్యాలో తేల్చేది అదే, అంటే 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండు, 6.8 నానోఫారడ్ కెపాసిటర్లు రెండు. రెండు పై, ఆర్ (రెసిస్టర్), సీ (కెపాసిటర్) గుణించి ఒకటిని దాంతో భాగిస్తే వచ్చేది 2340 హెర్ట్జ్. నాకు కావలసింది 400, దానికి 39.8 నానోఫారడ్‌లు ఉండాలి. 39 అన్నది ఇక్కడ షాపుల్లో దొరకదు. 33 దొరుకుతుంది. 33కి 6.8 కలిపితే సరిగ్గా 39.8!

ఆ లెక్క కనపడిన రాత్రి నిద్ర పట్టలేదు. పాత కెపాసిటర్లు పీకక్కర్లేదు, బోర్డు కింద ఒక్కోదానికీ ప్యారలల్‌గా ఒక 33 అంటిస్తే చాలు, రెండు విలువలూ కలిసిపోతాయి. ఇవి పాతకాలపు గోధుమరంగు బోర్డులు, సోల్డరింగ్ ఐరన్ రెండు సెకన్లు ఎక్కువ ఆనితే ట్రాక్ లేచిపోతుంది, కాబట్టి పీకే పని తప్పడమే పెద్ద లాభం. రేపు ఎవరికైనా పాత మిక్సరే కావాలంటే రెండు కాళ్లు కత్తిరిస్తే సరి. మావయ్య కూడా అందుకే ఒప్పుకున్నాడు. అంతకుముందు మూత విప్పగానే “ఏట్రా అల్లుడూ, ఉన్నదాన్ని పాడు చేస్తన్నావు” అని గొడవ.

కెపాసిటర్లు పాలిస్టర్‌వి తీసుకోండి. సిరామిక్‌లో ఎక్కువ విలువలవి వోల్టేజీని బట్టి మారతాయి, గొంతు గట్టిగా ఎత్తితే ఆ తేడా డిస్టార్షన్ అవుతుంది. జతలోవి రెండూ ఒకే విలువ ఉండాలి. నేను ఇరవై కొని, ఒక్కోటీ మీటర్‌లో కొలిచి జతలు కట్టాను, ఒకే సంచిలోవే 31.6 నుంచి 34 దాకా ఉన్నాయి. అంటించాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో పెట్టాను. ఒక్కసారి వెలిగి మసకబారితే షార్ట్ లేనట్టే.

కొలవడానికి ఫోన్‌లోంచి సైన్ వేవ్ పంపి, మిక్సర్ అవుట్‌పుట్ కంప్యూటర్‌లో రికార్డు చేసి చూశాను. చవక మల్టీమీటర్ ఏసీ రీడింగ్ 400 హెర్ట్జ్ దాటాక నమ్మకూడదు, అందుకే ఈ తిప్పలు. మూడో చానెల్ 395 దగ్గర, నాలుగోది 410 దగ్గర తేలాయి.

ఈ మిడ్ వెడల్పుగా పనిచేస్తుంది, 3 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు, అంతకుమించితే గొంతు బోలుగా అవుతుంది. మొన్న ఆదివారం నాబ్ కొంచెం ఎడమకి తిప్పాను. గొంతు డబ్బాలోంచి బయటికొచ్చి ఎదురుగా కూర్చుంది, బరువు అలాగే ఉంది, తాళాలు వాటి చోట అవి ఉన్నాయి. రెండు చరణాలయ్యేదాకా హెడ్‌ఫోన్స్ తియ్యలేదు.

ఇప్పటికి నాలుగు చానెళ్లయ్యాయి. మిగతా ఎనిమిదింటికి పదహారు కెపాసిటర్లు కావాలి, నా దగ్గర జత కుదిరినవి ఆరే ఉన్నాయి, ఈసారి విశాఖ వెళ్లినప్పుడు ఇంకో యాభై తేవాలి. మావయ్య ఈలోగా ఎవరు పాడినా మైకు వైరు తెచ్చి మూడులోనో నాలుగులోనో గుచ్చుతున్నాడు.