గోడలు దేనితో కట్టారు?

పదకొండున్నరైంది. పైకప్పు ఇంకా టక్కుటక్కుమంటోంది. పగలంతా ఎండకి సాగిన ఉక్కు చల్లారుతూ సర్దుకునే చప్పుడు. మామూలు రోజుల్లో అది వింటూనే నిద్రపోతాను. ఈ రాత్రి ఒక్కో టక్కుకీ ఒకే మాట వినిపిస్తోంది. రేకుల ఇల్లు.

మధ్యాహ్నం జనాభా లెక్కల టీచరమ్మ వచ్చారు. మెడలో కార్డు, చేతిలో ఫోను, నెత్తిమీద కొంగు. మూడు కావస్తోంది. కీసర అవతల మా వెంచర్ సంగతి మీకు తెలుసు కదా, ఇళ్లు పట్టుమని పది లేవు, మిగతావన్నీ హద్దురాళ్లు పాతిన ప్లాట్లే. ఆ ఎండలో వాటి మధ్య నుంచి నడిచొచ్చారు. వేపచెట్టు కింద కుర్చీ వేశాను, ఫ్రిజ్‌లో నీళ్లు తెచ్చిచ్చాను. లోపలికి రమ్మనలేదు.

ఆ లెక్కల్లో మొట్టమొదట అడిగేవి నేల, గోడలు, పైకప్పు. "గోడలు దేనితో కట్టారు మేడం?"

"కట్టలేదండీ, ఇది కంటైనర్. ఉక్కు."

"పైకప్పు?"

"అదీ ఉక్కే."

"అయితే రేకులే కదమ్మా. రేకుల ఇల్లు," అంటూ ఫోను మీద వేలు పెట్టబోయారు.

ఆవిడ గొంతులో వెక్కిరింత లేదు. వరసగా వంద ఇళ్లు రాసుకుంటూ వచ్చిన మనిషి, ఉన్నదున్నట్టు అన్నారు. కానీ నేను ఊరుకోలేదు. రేకులు కాదండీ, ఇది ఓడల మీద తిరిగిన ఇరవై అడుగుల కంటైనర్, ఖాళీగా ఉన్నప్పుడే రెండు టన్నుల పైన బరువు, ఇది కోర్టెన్ స్టీలు, దీనికి పట్టిన తుప్పు పొరే లోపలి లోహాన్ని కాపాడుతుంది, నిండు సరుకుతో ఒకదాని మీద ఒకటి పేర్చినా తట్టుకుంటుంది, నేల 28 మిల్లీమీటర్ల ప్లైవుడ్, అన్నీ కలిపి ఇంతైంది అని లక్షలతో సహా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు. "ఇతర అని పెట్టమంటారా?" అన్నారు. పెట్టమన్నాను.

మిగతా 30 ప్రశ్నలూ గబగబా అయిపోయాయి. ఇంట్లో ఎంతమంది? ఒక్కదాన్నే. "ఒక్కరేనా?" అని రెండోసారి కూడా అడిగారు. అది నన్నిప్పుడేం చేయదు, పాలబ్బాయి నుంచి మీటరు రీడింగు మనిషి దాకా అందరూ అడిగేదే. నీళ్లు బోరు, వంట గ్యాసు, గదులు ఒకటి, తినేది బియ్యం. లేచి వెళ్లిపోయారు.

మొదట ఆవిడ మీదే కోపం వచ్చింది. రేకుల ఇల్లేమిటి అసలు? తర్వాత ఆ కోపం నాకు దీన్ని తయారుచేసి ఇచ్చిన వర్క్‌షాపు మీదికి మళ్లింది, ఎందుకంటే లోపలికొచ్చి తలుపేసుకుంటే ఏసీ నడుస్తున్నా పైనుంచి వేడి తలకి తగులుతూనే ఉంది. వాళ్ల గురించి ఇదివరకే రాశాను, మళ్లీ రాయకుండా ఉండలేకపోతున్నాను. పైకప్పు కింద వేడి దిగకుండా మూడంగుళాల రాక్‌వూల్ వేస్తామన్నారు. కాగితం మీద రాసిచ్చారు. కిందటేడు ఏసీ పైపు కోసం ఒక పలక విప్పితే, అంగుళం మందం థర్మాకోల్ ముక్కలు, మధ్యమధ్య అరచేయి పట్టేంత ఖాళీలు. వర్క్‌షాపువాడికి ఫోన్ చేస్తే "మేడం, హైదరాబాద్ క్లైమేట్‌కి అది చాలు" అన్నాడు. ఏ హైదరాబాదులో ఉంటాడో! మే నెల మధ్యాహ్నం రెండింటికి బయట గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది. చలికాలం తెల్లవారుజామున ఇంకో బాధ. లోపలి గాలిలో తేమంతా ఆ ఖాళీల దగ్గర చల్లటి ఉక్కుకి తగిలి నీరై, పలకల అతుకుల్లోంచి మంచం మీద పడుతుంది. వాన లేకుండానే ఇల్లు కురుస్తుంది! మూడుసార్లు మనుషుల్ని పంపిస్తానన్నాడు, ఒక్కసారీ పంపలేదు. చివరికి షేడ్ నెట్ నేనే కట్టించుకున్నాను, పైన తెల్ల రంగు నేనే వేయించుకున్నాను. డబ్బు తీసుకున్న మనిషి ఒక ఆడమనిషి ఒంటరిగా ఉండబోయే ఇంటి పైకప్పులో ఖాళీలు వదిలేసి మీద పలక బిగించేయగలడంటే నాకిప్పటికీ మింగుడుపడదు.

కిటికీలు కోసిన వెల్డరు మాత్రం మంచివాడు. కోత పెట్టిన చోటల్లా చుట్టూ ఫ్రేము వెల్డింగ్ చేస్తూ ఒక మాట చెప్పాడు. "బలం మొత్తం నాలుగు మూలల స్తంభాల్లనే ఉంటది మేడం. ఒకదాని మీద ఒకటి పెడితే బరువు మోసేది అవే. గోడ, పైన అంతా రెండు మిల్లీమీటర్ల రేకే."

రేకే. ఆ మాట ఆరోజు వినే ఉన్నాను. ఈ మధ్యాహ్నం టీచరమ్మ అదే మాటంటే పాఠం చెప్పాను.

చిన్నప్పుడు మేమున్న ఫతేనగర్ ఇంటి గురించి ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. బాపు సనత్‌నగర్ కంటైనర్ డిపోలో చేశాడని రాశాను. కంటైనర్ల మీదుండే నంబర్లతో ఆడే ఆట కూడా రాశాను, నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు, చివరి అంకె సరిగ్గా ఉందో లేదో ముందున్న పది గుర్తులతో లెక్కకట్టి పదకొండుతో భాగించి చూడటం. దీన్ని కొన్నరోజు తలుపు మీది నంబరుతో ఆ లెక్క చేశాను, సరిపోయింది. పెయింటరుని ఆ నంబరు మీద రంగు వేయనివ్వలేదు. ఇవన్నీ సంతోషంగా చెప్పుకున్నాను. ఇల్లు మాత్రం చెప్పలేదు. రెండు గదులు, పైన సిమెంటు రేకులు.

2002 మే. ఆ ఏడాది వడదెబ్బకి రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు. అమ్మ పొద్దున్నే గోనెసంచులు తడిపి, స్టూలెక్కి కర్రతో రేకుల మీదికి తోసేది. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, ఆ నీళ్లలోంచే ఒక బిందె రేకులకి. పదకొండయ్యేసరికి సంచులు ఎండి చెక్కలయ్యేవి. ఒకరోజు అత్తమ్మ పెళ్లి కార్డు ఇవ్వడానికొచ్చింది. గడప దాటి ఒక అడుగు లోపలేసి వెనక్కి తిరిగింది. "గీ రేకుల కింద ఎట్లుంటున్నరు వదినా, పొయ్యిల ఉన్నట్టుంది," అని బయట గోడ నీడలో మంచం మీద కూర్చుంది. "సాయంత్రమైతే సల్లబడ్తది, తిని పో" అంది అమ్మ. అత్తమ్మ ఉండలేదు. ఆమె కోసం ఎక్కువ వండిన అన్నం రాత్రి పచ్చిపులుసుతో మేమే తిన్నాం. అమ్మ ఒక్క మాటనలేదు. నాకు మాత్రం ఆరోజు నుంచి ఆ పదం వింటే చెవులు మండేవి. 

ఆ జూన్‌లో బడి తెరిచాక, కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి నాతోపాటు ఇంటిదాకా నడిచొచ్చింది. మీ ఇల్లేదే అని అడిగింది. మా ఇంటి ముందే ఉన్నాం. ఇంకా ముందుకి అన్నాను. ఆగకుండా గల్లీ చివరిదాకా నడిచి, అక్కడ డాబా ఇంటి గేటు దగ్గర నిలబడి టాటా చెప్పాను. ఆ పిల్ల మలుపు తిరిగేదాకా ఆ గేటు పట్టుకునే ఉన్నాను. వెనక్కొస్తుంటే అమ్మ గడపలో నిలబడి ఉంది. నేను ఇంటిని దాటుకుపోవడం చూసింది. పిలవలేదు. లోపలికొచ్చాక కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ దాని గురించి అడగలేదు.

దీంట్లో పాలు పొంగించిన రోజు అమ్మ పైకి చూసి, "పైన ఏమున్నది బిడ్డా?" అంది. ఇన్సులేషన్ అమ్మా అన్నాను. "దాని పైన?" అంది. ఉక్కు అన్నాను. అమ్మ తలూపింది. రేకు అని ఒక్క మాటంటే తెలిసేది తనకి, నోరు రాలేదు.

వర్క్‌షాపువాడి మీద కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ ఈ రాత్రి నిద్ర పట్టనిది అతనివల్ల కాదు. వేడిగా ఉందని టీచరమ్మని బయటే కూర్చోబెట్టాననుకున్నాను ఇందాకటిదాకా. కాదు, లోపల ఏసీ నడుస్తోంది, బయటకన్నా నయమే. ఒక అడుగేసి అత్తమ్మలా వెనక్కి తిరుగుతారేమోనని రమ్మనలేదు. ఆవిడ అలా తిరిగే మనిషిలా అనిపించలేదు, ఇప్పుడు తలుచుకుంటే. చెమటకి కొంగు తడిసిపోయి ఉంది.

ఆరింటికి గాలి తిరిగింది, రెండు తలుపులూ బార్లా తెరిచి గడపలో కాసేపు కూర్చున్నాను. చల్లగా, బాగుంది. 

టీచరమ్మ రేపు పక్క వెంచర్ చేస్తానన్నారు, ఏడున్నరకే మొదలుపెడతారట. రాసింది మార్చడానికి వీలవుతుందో లేదో, 'ఇతర' తీసేసి రేకులని పెట్టమని అడుగుతాను. వస్తానంటే ఇంటికి కూడా పిలుచుకొస్తాను. మజ్జిగకి సరిపడా పాలు ఇప్పుడే తోడేసి వచ్చాను.